సంగటిలోని ట

కోత పండగకి ఈసారి ఒక పాట కీబోర్డు లేకుండా పాడతామని నేను చెప్పినప్పుడు మా చర్చి సెక్రటరీ గారు నవ్వారు. కీబోర్డు రిపేరుకి వచ్చిందా టీచరమ్మా, ఇంకోటి తెప్పిస్తాలే అన్నారు. కీబోర్డు బాగానే ఉందండీ, ఈ పాటకే అది పడదు అన్నాను. ఆయన మళ్ళీ నవ్వి, అదేం పాటబ్బా అని అడిగారు. చెప్పాను. అప్పుడు నవ్వడం మానేశారు.

మాది బిట్రగుంట. రైల్వే కాలనీలో ఒక ఎర్ర ఇటుకల చర్చి, దానికో చిన్న క్వాయిర్. వారమంతా నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, శనివారం సాయంత్రాలు క్వాయిర్‌కి పాటలు చెబుతాను. రెండు చోట్లా నాకు కోపిష్టిదాన్ననే పేరుంది. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. మా వరస చివరి క్వార్టర్లో ఉండిన ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఒకరు చిన్నప్పుడు నాకు మన సరిగమల్లాంటి డో రే మీ నేర్పి, నాలుగు రకాల గొంతుల్ని ఒకేసారి నాలుగు దారుల్లో ఎలా నడిపించాలో చూపించారు. ఆడవాళ్ళలో సన్నవి సొప్రానో, బరువైనవి ఆల్టో. మగవాళ్ళలో పై గొంతులు టెనర్, అడుగున పలికేవి బేస్. ఆవిడ ఊరు విడిచి వెళ్ళాక ఆ పని నా మెడకి చుట్టుకుంది. నేనూ ఇష్టంగానే చుట్టించుకున్నాను.

నేను చెప్పిన పాట మాత్రం కాలనీది కాదు. బోగోలు దాటి సముద్రం వైపు పోతే, వరి పొలాలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట మా అమ్మ పుట్టిన పల్లె ఉంది. ఆ పల్లె వాళ్ళు క్రైస్తవంలో కలిసిన కొత్తల్లో పుట్టిన పాట అది. ఎవరు కట్టారో తెలియదు. కరువులో కాలవ తవ్వే పనికి పోయిన ఆడవాళ్ళు మట్టి తట్టలు మోస్తూ పాడుకున్నారని మా అమ్మ చెప్పేది. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు.

*సంగటి తెచ్చినాడు సామి,*
*మా ఆకలి తీర్చినాడు సామి.*

పల్లవి అంతే. పని దగ్గర రాగిపిండి ఉడికించి తలా ఒక ముద్ద పెట్టేవాళ్ళట. ఆ ముద్ద గురించిన పాట అది. అయితే మా సంఘం ఎప్పుడో అచ్చు వేయించుకున్న పాటల పుస్తకంలో ఇది ఇలా ఉండదు. సంగతి తెచ్చినాడు సామి అని ఉంటుంది. సంగతి అంటే కబురు, శుభవార్త. ఆకలి అంటే దేవుని వాక్యం కోసం ఆకలి. ట తీసేసి త పెట్టగానే చేతిలో ముద్ద మాయమై, దాని స్థానంలో ప్రసంగం వచ్చింది. అది అచ్చులో జరిగిన పొరపాటో, పెద్దలు చేసిన దిద్దుబాటో అడిగితే ఎవరూ సరిగా చెప్పరు.

మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ, ఇంకా ఆ పల్లెలోనే ఉంది. ఆ పాటని చివరి దాకా పాడగలిగేది ఇప్పుడు ఆమె ఒక్కతే. కొన్నేళ్ళ కిందట ఇదే కోత పండగకి పల్లె జనమంతా షేర్ ఆటోల్లో మా చర్చికి వచ్చారు. పాడగలిగిన వాళ్ళు ముందుకు రావచ్చు అంటే పెద్దమ్మ లేచి, కొంగు సర్దుకుని, మైకు ముందు నిలబడి ఎత్తుకుంది. సంగటి అనేసరికి ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక బెంచీల దాకా పాకింది. సెక్రటరీ గారు వచ్చి మైకు తన వైపు తిప్పుకుని, “సంగతి అమ్మా, సంగతి,” అని దిద్దారు. కసిరినట్టు కాదు, మెల్లగానే అన్నారు. పెద్దమ్మ ఆయన్ని చూసింది, మైకుని చూసింది, వెళ్ళి తన చాప మీద కూర్చుంది. ఆ తరవాత ఏ ఆరాధనలోనూ ఆమె నోరు విప్పలేదు. వస్తుంది, కానుక వేస్తుంది, వెళుతుంది. పాటలప్పుడు పెదవులు కూడా కదలవు. ఇంట్లో సైతం పాడడం మానేసిందని ఆమె కోడలు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

అందుకే ఆ పాటని క్వాయిర్‌కి రాయాలనుకున్నాను. పెద్దమ్మ నోరు మూయించిన చర్చిలోనే, ఆమె మాటతోనే, అందరూ కూర్చుని వినేలా. దానికి ముందు అసలు వరస ఆమె నోటి నుంచి రావాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. విషయం చెప్పాను.

“మీ పుస్తకంలో ఉండాదిగా. అదే పాడుకోండి,” అంది, తలెత్తకుండా.

“పుస్తకంలో మాటలే ఉన్నాయి పెద్దమ్మా, వరస లేదు.”

“మాటలు మీయి అయినప్పుడు వరస నాదెందుకు?”

బతిమాలితే లొంగే మనిషి కాదు. అందుకని నేనే ఎత్తుకున్నాను, మా చర్చిలో ఇప్పుడు వాయిస్తున్న వరసలో, సినిమా పాటలాగా ఊగుతూ, ప్రతి పాదం చివరా రాగం తీస్తూ. రెండో పాదం పూర్తి కాకముందే ఒక చింతగింజ వచ్చి నా మోకాలికి తగిలింది.

“ఆపు మే. అట్టా ఏడిస్తే తట్ట ఎట్టా మోస్తారు?” అంది.

“మరెట్టా?”

ఆమె వెంటనే పాడలేదు. గింజలు తీసిన చింతపండు ఉండ చుట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. “నువ్వు రాసేదాంట్లో ఏముంటాది, సంగటా, సంగతా?”

“సంగటే.”

“వాళ్ళు ఒప్పుకోకపోతే?”

“పాట పాడకుండా అన్నా ఉంటాం గానీ మాట మార్చం.”

“మారిస్తే మళ్ళీ నా గడప తొక్కబాక,” అంది. నేను ఫోను తీసి రికార్డు నొక్కబోతే అదీ వద్దంది. “చెవులుండాయిగా. వినుకో.”

పాడింది. గొంతు మరీ కిందికి దిగిపోయి ఉంది, అక్కడక్కడా ఊపిరి చాలలేదు, అయినా పాట గట్టిగా నిలబడింది. వరసంతా అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది. తమాషా ఏమిటంటే పల్లవి చివర అది డో దగ్గరికి వచ్చి కుదురుగా కూర్చోదు. పై మెట్టు రే మీద ఆగిపోతుంది, ఇంకొకరు అందుకోవాలన్నట్టు. మా కీబోర్డు దాన్ని ఎప్పుడూ డో దాకా లాక్కొచ్చి పడుకోబెట్టేది. ఇన్నాళ్ళూ ఆ పాట నాకు ఎందుకు నీరసంగా అనిపించిందో అప్పుడు అర్థమైంది. నాకు నేర్పిన పాఠాలన్నీ పాట డోలో ముగియాలనే చెబుతాయి. ఈ పాట ముగియదు, ఏం చేస్తారో చేసుకోండి అనుకున్నాను.

రాయడం నేను అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. మొదట రాసినది క్రిస్మస్ పాటలా వచ్చింది. నాలుగు గొంతులూ నిండుగా, నున్నగా, మొదటి నుంచి చివరి దాకా కలిసి నడుస్తున్నాయి. వినడానికి బాగానే ఉంది, కానీ ఆ ఆడవాళ్ళు అందులో ఎక్కడా లేరు. చించేశాను. రెండోసారి బేస్ వాళ్ళకి మాటలే ఇవ్వలేదు. సంగటిలో మొదటి అక్షరం సం ఉంది కదా, దాన్ని పెదవులు మూసి ఒకే స్వరం మీద పట్టుకోమన్నాను. పెద్ద కుండ కింద మంట పెట్టినప్పుడు లోపల నుంచి వచ్చే శబ్దంలా ఉంటుందది. టెనర్లు వెనక నుంచి సామి, సామి అని అందుకుంటారు. పాట వరస సొప్రానోలకి కాకుండా ఆల్టోలకి ఇచ్చాను, ఎందుకంటే అది పెద్దమ్మ గొంతుకి దగ్గరగా ఉండే ఎత్తు. మా సొప్రానోలు ముఖాలు మాడ్చుకున్నారు. మమ్మల్ని షోకేసులో బొమ్మల్లా నిలబెడతావా అక్కా అని ఒకమ్మాయి అడిగింది. మూడో చరణం దాకా ఓపిక పట్టు తల్లీ, అక్కడ నీ ఊపిరి తీస్తాను అన్నాను.

ఇక ట. నాలుక పళ్ళకి తగిలితే త, మడిచి అంగిలికి కొడితే ట. త మెత్తనిది, గుంపులో కలిసిపోతుంది. ట కలవదు. అందరూ ఒక్కసారే కొడితే హాలంతా వినిపిస్తుంది, తలా ఒకసారి కొడితే రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టుంటుంది. కాబట్టి ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి నాలుగు గొంతుల్నీ ఒకే స్వరంలోకి తెచ్చేశాను. అప్పటిదాకా విడివిడిగా నడిచిన వాళ్ళంతా అక్కడ ఒకే మాట మీద కలవాలి. శనివారాలు మేము ట, ట, ట అని సాధన చేస్తుంటే కాలనీలో వాకింగ్‌కి పోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి, ఏంది టీచరమ్మా, పెద్దోళ్ళకి అక్షరాభ్యాసమా అని ఆటపట్టించేవాళ్ళు. చర్చిలో సరిగా పలకని వాళ్ళకి అదే శిక్ష అని జవాబిచ్చేదాన్ని.

మేము సంగటి అనే పాడుతున్నామన్న మాట రెండు మూడు వారాలకే సెక్రటరీ గారి చెవిన పడింది. ఆయన గురించి చెప్పాలి. మా అమ్మ పల్లెలోనే పుట్టి, అల్లూరు హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు వేయిస్తున్న మనిషి. చర్చి పైకప్పు కారుతుంటే అడగకుండానే బాగు చేయించారు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వచ్చేది ఆయనే. చెడ్డవాడైతే నాకు పోట్లాడడం సులువయ్యేది. ఒక శనివారం సాధన మధ్యలో వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని మొత్తం విన్నారు. అయిపోయాక నన్ను వరండాలోకి పిలిచారు.

“బాగా కట్టినావు టీచరమ్మా. ఆ ఒక్క మాట మార్చేయ్.”

“అదే మార్చనండీ.”

“నీకు తెలీదు. నువ్వు కాలనీలో పెరిగినావు,” అన్నారు. “అల్లూరు బళ్ళో మమ్మల్ని ఏమని పిలిచేవాళ్ళో తెలుసా? సంగటి కిరస్తానం. ముద్ద కోసం దేవుణ్ణి మార్చుకున్నోళ్ళు అనేవాళ్ళు. అన్నం తింటా ఉంటే పక్కనోడు వచ్చి, ఈరోజు ఎవురు పెట్టినార్రా అని అడిగేవాడు. అది మర్చిపోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు దాన్ని మనమే మైకులో పాడాల్నా?”

ఆయన అన్నది నిజం. నన్ను ఎవరూ అలా పిలవలేదు. రైల్వే క్వార్టర్సులో అందరి నాన్నలూ ఒకే సైరనుకి డ్యూటీకి పోయేవాళ్ళు, ఎవరి తాత ఏం తిన్నాడో ఎవరికీ పట్టలేదు. ఆయన కళ్ళలో చూసిన బాధకి నేను తల వంచుకోవలసిందే. కానీ ఆయన మాట వినవలసిన పని లేదు.

“అన్నా, ఆకలిగా ఉన్నప్పుడు ముద్ద పెట్టనివాళ్ళు కదా ఆ మాట అన్నది,” అన్నాను. “వాళ్ళ నోటికి భయపడి మన పాటని దిద్దుకుంటామా? దిద్దుకుంటే వాళ్ళు అన్నది నిజమని మనమే ఒప్పుకున్నట్టు.”

“నీకు నోరుండాది, అంటావు.”

“పెద్దమ్మకీ ఉండేది.”

అది ఆయనకి తగిలింది. కావాలనే తగిలించాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ మరుసటి శనివారం ఆయన వైపు చుట్టాలైన ఇద్దరు సొప్రానోలు, ఒక టెనర్ సాధనకి రాలేదు. మానేస్తున్నామని వాట్సాప్‌లో దణ్ణం బొమ్మ పెట్టారు. మిగిలినవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. మా బేస్ వాళ్ళలో పెద్దాయన ఒకరున్నారు, రైలింజను నడిపి రిటైరయ్యారు, ఆయన లేచి, “సిగ్నల్ పడినాక బండి ఆపేది లేదు, మొదలుపెట్టు,” అన్నారు. మొదలుపెట్టాను. ఉన్న టెనర్లనే అటూ ఇటూ సర్ది, సొప్రానోల దగ్గర ఒక వరస తీసేశాను. నిజం చెప్పాలంటే పాట ఇంకా బాగుపడింది.

తరవాత ఈ పంచాయితీ చర్చి కమిటీ ముందుకి వచ్చింది. పాస్టరు గారు మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. ఇద్దరం చెప్పింది విని, గడ్డం నిమురుకుని, “సంగీతంలో కూడా సంగతులుంటాయి గదమ్మా, తప్పు మాటేం కాదు,” అన్నారు. నేను ఒప్పుకోకపోయేసరికి ఇంకో దారి చెప్పారు. “పోనీ, కీబోర్డు, ప్యాడ్లు కొంచెం గట్టిగా పెట్టి పాడేయండి. టనో తనో ఎవరికి తెలుస్తాది? సంగతి అనుకునేవాళ్ళకి సంగతి, సంగటి అనుకునేవాళ్ళకి సంగటి.”

“అందుకేనండీ కీబోర్డు వద్దన్నది,” అన్నాను.

సెక్రటరీ గారు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు. అచ్చులో ఉన్నదే ప్రమాణం అన్నారు. మొదట సంగటి అని ఉండేదని నీ దగ్గర రుజువేముంది అని అడిగారు. నా దగ్గర రుజువు లేదు, ఆ మాటే చెప్పాను. లెక్కల టీచర్ని, రుజువు లేనిదాన్ని ఉందని చెప్పలేను. ఎవరో బోధకుడు మొదట సంగతి అనే కట్టి ఉండవచ్చు. కడుపు కాలుతున్న ఆడవాళ్ళు తట్టల కింద నుంచి దాన్ని సంగటి అని విని ఉండవచ్చు. అయితే ఏమిటి? బోధకుడు కట్టిన పాట ఆ రోజే చచ్చిపోయింది. ఆ ఆడవాళ్ళు విన్న పాట బతికి పెద్దమ్మ దాకా వచ్చింది. తప్పుగా విన్నారనుకున్నా సరే, ఆ తప్పునే నేను పాడిస్తాను అన్నాను. నా గొంతు పెరిగిపోయిందని నాకే తెలుస్తోంది.

“అయితే పాట ప్రోగ్రాం లోంచి తీసేస్తాం,” అన్నారు సెక్రటరీ గారు.

“తీసేయండి. గేటు బయట నిలబడి పాడతాం. రోడ్డు కమిటీది కాదు, రైల్వేది.”

పాస్టరు గారు ఇద్దరికీ మంచినీళ్ళు తెప్పించారు. చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, పాట ఉంటుంది, కానీ పంట కానుకల వేలం అంతా అయ్యాక, ఆఖరి ఆశీర్వాదానికి ముందు ఉంటుంది. ఆ వేళకి సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అది నన్ను చిన్నబుచ్చడానికి ఇచ్చిన చోటని తెలిసీ తీసుకున్నాను. పల్లెకి వెళ్ళి పెద్దమ్మకి ఒకటే చెప్పాను, చివరిదాకా కూర్చోమని.

పండగ రోజు చర్చి మెట్ల దగ్గర నుంచే సంతలా ఉంది. మొదటి కోత వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బల్లపీఠం ముందు పెట్టారు. సెక్రటరీ గారి ఐసు పెట్టెలో రొయ్యలు వచ్చాయి. వాటి నీళ్ళు కారి చాపల దాకా పాకితే ఆడవాళ్ళు తిట్టుకుంటూ చీర కుచ్చిళ్ళు పైకి లాక్కున్నారు. ప్రసంగం మధ్యలో కోడి కూసింది, పిల్లలు నవ్వారు. వేలం సెక్రటరీ గారే నడిపారు. ఆయన వేలం వేస్తే ముసలి గుమ్మడికాయకి కూడా పెళ్ళి సంబంధం కుదిరిపోతుంది, అంత సరదాగా నడుపుతారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే పిచ్ పైపు కొంగుతో తుడుచుకున్నాను.

వేలం అయ్యాక, ఊహించినట్టే, జనం లేచారు. మేము వెళ్ళి నిలబడ్డాం. కీబోర్డు మీద గుడ్డ కప్పే ఉంది. మైకులు దూరంగా జరిపించాను. పిచ్ పైపు ఊది స్వరం ఇచ్చి చెయ్యి ఎత్తాను.

బేస్ వాళ్ళు సం పట్టుకున్నారు. ముందు అది ఎవరికీ పాటలా అనిపించలేదు. ఫ్యాను శబ్దమనుకుని పైకి చూసినవాళ్ళున్నారు. తలుపు దాకా పోయినవాళ్ళు ఆగి వెనక్కి తిరిగారు. ఆల్టోలు పల్లవి ఎత్తుకున్నారు, నాలుగు గొంతులూ ఆ మాట దగ్గర ఒక్క స్వరంలోకి వచ్చాయి, ట పడింది. గోడకి తగిలి తిరిగి వచ్చింది. దాన్ని త అనుకోవడం చెవులున్నవాళ్ళెవరికీ సాధ్యం కాదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చరణం వెంట చరణం, ప్రతిసారీ ఆ మాట దగ్గరికి రాగానే ముందు వరస పిల్లలు దాని కోసం ఎదురుచూసినట్టు మెడలు చాచారు. చివర రే మీద ఆపేశాను. పాట గాల్లో అలాగే ఉండిపోయింది. నేను తిరిగి పెద్దమ్మ వైపు చూశాను. చాప మీద నిటారుగా కూర్చుని ఉంది. పెదవులు కదల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మాట నిలబెట్టుకున్నాను గానీ ఆమె గొంతు తిరిగి రాలేదు అనుకున్నాను.

పాస్టరు గారు ఆశీర్వాదానికి లేచి చెయ్యి ఎత్తారు. అంతలో సెక్రటరీ గారు మైకు అందుకున్నారు. “ఆశీర్వాదానికి ముందు ఒక్క మాట. మన క్వాయిర్ వాళ్ళు సంగతి తెచ్చినాడు సామి అనే పాత కీర్తనని ఎంతో చక్కగా పాడినారు. ఆ సంగతి, అంటే సువార్త, మన పెద్దలకి చేరబట్టే…”

మేము అంత స్పష్టంగా పాడినదాన్ని, గోడల్లో మోత ఇంకా ఆరకముందే, మైకు పట్టుకుని మళ్ళీ దిద్దేస్తున్నారు. నేను నోరు తెరవబోయాను.

“సంగతి కాదబ్బయా.”

గొంతు చాపల మీద నుంచి వచ్చింది. పెద్దమ్మ లేవలేదు, కూర్చునే మాట్లాడింది. “సంగటి. తినేది. మా అవ్వ తినింది. మీ అవ్వ ఆమె పక్కనే కూర్చోని తినింది. వాళ్ళు తినబట్టే నువ్వుండావు, నేనుండా. దాంట్లో నీకు సిగ్గేంది?”

సెక్రటరీ గారి చేతిలో మైకు నోటి దగ్గరే ఉండిపోయింది. ఆయన ముఖం నేను చూడలేకపోయాను. జాలేసింది, అయినా ఆయనకి సాయం చెయ్యబుద్ధి కాలేదు.

అప్పుడు పెద్దమ్మ ఎత్తుకుంది. నన్ను అడగలేదు, నేను స్వరం ఇవ్వలేదు. ఆమె ఎత్తుకున్న చోటు నేను రాసుకున్నదానికంటే బాగా కింద ఉంది. బేస్ వాళ్ళు కంగారుగా నా వైపు చూశారు. నేను చెయ్యి దించేసి, ఆమె వైపు చూడమని సైగ చేశాను. ఒక్కొక్కరే వెతుక్కుని ఆమె గొంతు కిందికి దిగారు. పల్లె ఆడవాళ్ళు అందుకున్నారు. పాస్టరు గారు ఎత్తిన చెయ్యి దించి కుర్చీలో కూర్చున్నారు.

సెక్రటరీ గారు మైకు కట్టేశారు. మాకు అది అక్కర్లేదు.